ఏదో ఇంట్లో వాయించుకుంటారు!

"మీ అమ్మాయికి సంగీతం వచ్చా?" అని పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు అడగటమూ, "ఏదో... ఇంట్లో పాడుకుంటుందండీ" అని తల్లి నసుగుతూ జవాబు చెప్పటమూ మన కథల్లోనూ, నవలల్లోనూ (నా నవలలతో సహా!) ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. ఆ 'ఏదో' అన్న చిన్న మాటలో ఎంత అర్థం దాక్కుందో గమనించారా? కచేరీ చేసేంత విద్య కాదు, డబ్బు తెచ్చేది అంతకన్నా కాదు, రేపు మానేసినా ఎవరికీ నష్టం లేదు - అని. పెళ్ళయ్యాక ఆ పిల్ల నిజంగానే మానేస్తుంది. వీణ అటకెక్కుతుంది. ఫిడేలు పెట్టెకు తాళం పడుతుంది. తాళంచెవి ఎక్కడుందో అయిదేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంగ్లీషులో ఇలాంటివాళ్ళను 'అమెచ్యూర్' అంటారు. మన నాటక సమాజాలవాళ్ళు ఆ మాటను ఎప్పుడో తెలుగు చేసేసుకున్నారు. పండితులు 'ఔత్సాహికులు' అన్నారు. ఎలా అన్నా చెవికి కాస్త తక్కువగానే వినిపిస్తుంది. కానీ ఆ మాట పుట్టింది లాటిన్‌లో 'ప్రేమించేవాడు' అన్న అర్థంలోంచి. పొట్టకోసం కాక, ప్రేమకోసం చేసేవాడు అన్నమాట! ఎంత గౌరవమైన మాటను మనం ఎంత చిన్నబుచ్చామో చూడండి.

ఈ ప్రేమించేవాళ్ళ చేతుల మీదుగానే ఒక దేశం సంగీతం నిలబడింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆ దేశం చెక్ దేశం.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. మా పాఠ్యపుస్తకంలో చెకోస్లొవేకియాకు దక్కింది అరపేజీ. 1938లో మ్యూనిక్‌లో పెద్దలు నలుగురు కూర్చుని ఆ చిన్న దేశంలో ఒక ముక్క కోసి హిట్లర్‌కు ఇచ్చేశారు - అంతే, పాఠం అయిపోయింది. ఆ ముక్క పోయిన దేశంలో మనుషులెవరు, ఏం తినేవాళ్ళు, ఏం పాడుకునేవాళ్ళు అని ఆ పుస్తకం చెప్పలేదు, పరీక్షలో ఎవరూ అడగలేదు. తర్వాత నా అంతట నేను చదువుకుంటూ పోతే తెలిసింది - వాళ్ళు ముఖ్యంగా చేసిన పని పాడుకోవటమే!

యూరప్ మధ్యలో బొహీమియా, మొరావియా అని రెండు సీమలు. 1620లో ఒక్క యుద్ధంలో ఓడిపోయి, వియన్నాలో కూర్చున్న హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల చెప్పుచేతల్లోకి పూర్తిగా వెళ్ళిపోయాయి. అప్పటినుంచి 1918లో స్వతంత్రం వచ్చేదాకా, రమారమి మూడు వందల ఏళ్ళు, కచేరీల్లో, కాలేజీల్లో, గొప్పవాళ్ళ ఇళ్ళలో జర్మన్‌దే పెత్తనం. చెక్ భాష పల్లెల్లో, పొలాల్లో, వంటిళ్ళలో మిగిలింది. 'ఇంట్లో ఎలా మాట్లాడుకున్నా ఫరవాలేదు గానీ బయట మాత్రం...' అన్న సంగతి మనకు కొత్తా ఏమిటి!

1772లో చార్లెస్ బర్నీ అనే ఇంగ్లీషు ఆయన ఆ దేశం మీదుగా వెళ్ళాడు. సంగీత చరిత్ర రాద్దామని ఊరూరూ తిరుగుతున్నాడు. చాస్లావ్ అనే చిన్న ఊళ్ళో బడికి వెళితే, ఆరేళ్ళనుంచి పదీ పదకొండేళ్ళ దాకా పిల్లలు బడినిండా కిటకిటలాడుతున్నారట. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే! కొందరు చదువుతున్నారు, కొందరు రాస్తున్నారు, కొందరు ఫిడేళ్ళు, మరికొందరు సన్నాయిల్లాంటి ఊదుడు వాద్యాలు వాయిస్తున్నారు. అదంతా ఒకే బడిలో. ఆ పక్కనే పంతులుగారి చిన్నగదిలో నాలుగు క్లావికార్డులు - అంటే పియానోకు పెద్దక్కలాంటి వాద్యాలు - నాలుగింటి మీదా నలుగురు పిల్లలు సాధన చేస్తున్నారు. ఆ గోలలో ఎవరికి ఎవరి పాట వినపడిందో గానీ, బర్నీగారు మాత్రం నిలువునా ఆశ్చర్యపోయాడు. ఈ పిల్లల్లో చాలామంది రేపు నాగలి పట్టుకోవలసినవాళ్ళే అని కూడా రాసుకున్నాడు.

అక్కడ బడిపంతులంటే అక్షరాలతోపాటు స్వరాలు కూడా నేర్పేవాడు. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేదీ, ఊరి బృందాన్ని నడిపేదీ ఆయనే. అందులో వాయించేవాళ్ళు ఎవరయ్యా అంటే చెప్పులు కుట్టే ఆయన, రొట్టెలు కాల్చే ఆయన, కమ్మరి, దర్జీ. పగలు వృత్తి, సాయంత్రం వాద్యం. చెక్ అన్నవాడల్లా వాద్యగాడే అని వాళ్ళలో వాళ్ళకే ఒక సామెత. రాజ్యం పోయింది, అధికారంలో భాష పోయింది. ఈ సాయంత్రాలు మాత్రం పోలేదు.

అలాంటి ఇంట్లోనే స్మెతనా పుట్టాడు, 1824లో. తండ్రి బీరు కాచే వ్యాపారి. వ్యాపారం ముగించుకుని స్నేహితులతో కూర్చుని ఫిడేలు వాయించేవాడు. కొడుకు అయిదో ఏట ఆ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని హైడన్ రచన ఒకటి వాయించాడట. ఇంతకీ తమాషా ఏమిటంటే, రేపు చెక్ జాతీయ సంగీతానికి తండ్రి అనిపించుకోబోయే ఈ మనిషికి చెక్ భాష సరిగా రాయటం రాదు! జర్మన్ చదువు. ముప్పై ఏళ్ళు దాటాక, తప్పులు దిద్దుకుంటూ, తన సొంత భాషను తాను నేర్చుకున్నాడు. మన పిల్లలకు తెలుగు రాదని దిగులుపడే తల్లులారా, కాస్త ధైర్యం తెచ్చుకోండి!

1861లో ప్రాగ్ నగరంలో 'హ్లహొల్' అని ఒక గాన సమాజం పెట్టారు. అదీ ఔత్సాహికులదే. 1863 నుంచి రెండేళ్ళు స్మెతనా దానికి నాయకత్వం వహించాడు. 1866లో 'అమ్ముడుపోయిన పెళ్ళికూతురు' అనే సంగీత నాటకం ప్రదర్శనకు వచ్చింది. దాని కథ చెబితే మీరు అచ్చంగా మన పల్లెటూరి కథే అంటారు. మరెంకా అనే అమ్మాయి యెనీక్ అనే కుర్రవాణ్ణి ప్రేమించింది. తల్లిదండ్రులు మీఖా అనే కలిగినవాడి కొడుక్కిద్దామనుకున్నారు. మధ్యలో కెచల్ అనే పెళ్ళిళ్ళ పేరయ్య! వాడు యెనీక్ దగ్గరకు వెళ్ళి, మూడు వందలిస్తాను, పిల్లను వదులుకో అన్నాడు. యెనీక్ సరేనని సంతకం పెట్టాడు - 'మీఖా కొడుక్కి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు' అన్న షరతు మీద. ఊరంతా ఛీ ఛీ అన్నారు. చివరికి తేలిందేమిటంటే, యెనీక్ కూడా మీఖా కొడుకే, మొదటి భార్య బిడ్డ! పిల్లా దక్కింది, డబ్బూ దక్కింది. పేరయ్య నోరు వెళ్ళబెట్టాడు. మొదటి రోజు జనం పెద్దగా రాలేదు. నాలుగేళ్ళు దిద్ది దిద్ది స్మెతనా దానికి ఇప్పటి రూపం ఇచ్చాక, అది ఆ దేశంలో ప్రతి ఇంటి పాట అయింది. ఈ నాటకాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

అదే కాలంలో చెక్ ప్రజలు తమకంటూ ఒక నాటకశాల కావాలనుకున్నారు. చక్రవర్తి కట్టించేది కాదు, మనమే కట్టుకుందామని చందాలు పోగుచేశారు. 1868లో పునాదిరాయి పడింది. 1881 జూన్‌లో స్మెతనా నాటకంతో తెర లేచింది. ఆగస్టు 12న నిప్పంటుకుని కాలిపోయింది! పదమూడేళ్ళ కష్టం బూడిద. ఇంకెవరైనా అయితే నుదురు కొట్టుకుని ఊరుకునేవాళ్ళు. వీళ్ళు మళ్ళీ జోలె పట్టారు. నలభై ఏడు రోజుల్లో పది లక్షల గుల్డెన్లు పోగయ్యాయి. 1883 నవంబరు 18న అదే నాటకశాల మళ్ళీ తెరుచుకుంది. జాతి తనకు తానే ఇచ్చుకున్న కానుక అన్న అర్థంలో రెండే రెండు మాటలు వేదిక పైన చెక్కి ఉంటాయి. ఆ పాటికి స్మెతనాకు రెండు చెవులూ వినపడటం మానేసి తొమ్మిదేళ్ళు. 1874 అక్టోబరులో చెవుడు వచ్చింది. ఆ నవంబరు 20న మొదలుపెట్టి డిసెంబరు 8కి తమ నది వల్తావా మీద వాద్యబృందం కోసం రచన పూర్తిచేశాడు. పంతొమ్మిది రోజులు. ఒక్క స్వరమూ వినపడకుండా, నది చప్పుడంతా లోపల్లోపలే విని రాశాడన్నమాట.

ఇక ద్వోర్జాక్. 1841లో పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి మాంసం కొట్టుతోపాటు పూటకూళ్ళ సత్రం నడిపేవాడు. తీరిక వేళ జిథర్ అనే తీగల వాద్యం వాయించేవాడు. కొడుకు పెద్దవాడై, ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నా ఇంటి వాయిద్యాన్ని మర్చిపోలేదు. 1878లో ప్రాగ్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో సాయంత్రం పూట నలుగురూ చేరి వాయించుకునేవాళ్ళు. ఆ ఇంట్లో పియానో లేదు. ఉన్నది ఏమిటో తెలుసా? హార్మోనియం! మన భజనల్లో, నాటకాల్లో మోగే హార్మోనియానికి దగ్గరి చుట్టం, కాలితో తొక్కేది. "పియానో లేనిదే ఎలాగండీ" అని ద్వోర్జాక్ బిగదీసుకోలేదు. రెండు ఫిడేళ్ళకు, ఒక చెల్లోకు, ఆ హార్మోనియానికి సరిపోయేట్టు అయిదు ముక్కలు రాసిచ్చాడు. ఈనాటికీ పెద్దపెద్ద వేదికల మీద ఆ రచన వాయించాలంటే ఎక్కడెక్కడినుంచో హార్మోనియం వెతికి తెచ్చుకుంటారు.

ఇంకో ముచ్చట. 1887 జనవరిలో ద్వోర్జాక్ ఉన్న ఇంట్లోనే క్రుయీస్ అనే రసాయన శాస్త్ర విద్యార్థి అద్దెకుండేవాడు. ఫిడేలు నేర్చుకుంటున్నాడు. గురువుగారు వచ్చి పాఠం చెబుతుంటే గోడ ఇవతల ద్వోర్జాక్‌కు వినిపించేది. మనమైతే "ఈ కుర్రాడి గీకుడు భరించలేకపోతున్నాం" అని ఇంటివాళ్ళతో చెప్పేవాళ్ళం కదూ! ఆయన మాత్రం, గురువూ శిష్యుడూ రెండు ఫిడేళ్ళూ, తాను వయొలా - ముగ్గురం కలిసి వాయించుకుందామని ఒక రచన చేశాడు. తీరా చూస్తే ఆ కుర్రాడికి అది కష్టమైపోయింది. "అయితే నీకు రాదులే" అనలేదు. కూర్చుని ఇంకా తేలికైనది మరొకటి రాశాడు. తన ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో, ఒక పెద్ద సింఫనీ రాస్తున్నంత ఆనందంగా ఉంది, ఇవి ఔత్సాహికుల కోసమే సుమా అన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. ఆ తేలిక రచననే తర్వాత ఫిడేలుకూ పియానోకూ మార్చాడు. లోకంలో పేరున్న వయొలిన్ విద్వాంసులు ఇప్పటికీ దాన్ని కచేరీల్లో వాయిస్తూనే ఉన్నారు. పక్కింటి పిల్లవాడికి చేతకాక పుట్టిన సంగీతం అది!

కానీ ద్వోర్జాక్ ఇంట్లో ఎప్పుడూ సంతోషమే లేదు. ఆయన భార్య ఆనా. ఆవిడా మంచి గాయని. 1875లో ఆడపిల్ల పుట్టి రెండు రోజులకే పోయింది. 1877 ఆగస్టులో ఏడాది నిండని రెండో కూతురు పొరపాటున భాస్వరం ద్రవం తాగి చనిపోయింది. సెప్టెంబరులో, సరిగ్గా తండ్రి పుట్టినరోజు నాడు, మూడేళ్ళ కొడుకును మశూచి తీసుకుపోయింది. ఇల్లు ఖాళీ అయిపోయింది. ఆ తల్లి ఎలా తట్టుకుందో చరిత్ర పుస్తకాలు రాయవు. తండ్రి ఏం చేశాడో మాత్రం రాశాయి. శిలువ కింద నిలబడి కొడుకు మరణాన్ని చూస్తున్న మరియమ్మ దుఃఖం మీద లాటిన్‌లో ఒక పాత కీర్తన ఉంది, స్టాబాత్ మాతెర్ అని. మొదటి బిడ్డ పోయినప్పుడు దానికి స్వరాలు కట్టటం మొదలుపెట్టి పక్కన పెట్టాడు. ముగ్గురూ పోయాక మళ్ళీ తీశాడు. ఆ నవంబరులో ముగించాడు.

ఆ రచనను ఊరూరా తీసుకువెళ్ళినవాళ్ళలో ఔత్సాహికులది పెద్ద వంతు. 1882లో బ్ర్నో నగరంలో 'బెసెదా' అనే సమాజం దాన్ని పాడింది. పాడించినవాడు యానాచెక్, బడిపంతులి కొడుకు, తానూ పంతులే. అంతకుముందు నేతపనివాళ్ళ, చేతివృత్తులవాళ్ళ పాటల బృందాన్ని నడిపిన అనుభవం ఉంది ఆయనకు. రెండేళ్ళ తర్వాత, 1884 మార్చిలో ద్వోర్జాక్ లండన్ వెళ్ళి ఆల్బర్ట్ హాలులో తానే నిర్వహించాడు. ఎనిమిది వందల పైచిలుకు గొంతులు! వాళ్ళూ పగలు వేరే పనులు చేసుకునే ఔత్సాహికులే. చెక్ పల్లెటూరి తండ్రి దుఃఖాన్ని ఇంగ్లీషు గృహిణులూ గుమాస్తాలూ గొంతెత్తి పాడారు. బిడ్డ పోయిన దుఃఖానికి భాష అడ్డమా?

ఇక్కడ ఒక్క నిమిషం మన ఇంటి రేడియో దగ్గరకు రండి. తెల్లవారుజామున ఆకాశవాణి పలకబోయే ముందు, తంబురా శ్రుతి మీద వయొలిన్ మీద సాగే చిన్న బాణీ గుర్తుందా? పాలు పొంగించటం, జడలు వేయటం, బడి సంచులు సర్దటం - మన ఇళ్ళలో మూడు తరాల ఉదయాలు ఆ బాణీతోనే మొదలయ్యాయి. దాన్ని కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. ఆయన పుట్టింది 1907లో బొహీమియాలోని కార్ల్స్‌బాడ్ అనే ఊళ్ళో, జర్మన్ మాట్లాడే యూదు కుటుంబంలో. హిట్లర్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1934లో, బొంబాయి ఓడ దిగాడు. ఏమీ తోచని పరాయి ఊళ్ళో ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటనుకున్నారు? వాయించేవాళ్ళను పోగుచేసి ఒక చిన్న సంగీత సంఘం పెట్టటం! ప్రతి గురువారం విలింగ్డన్ జింఖానాలో కచేరీ. అందులో వయొలిన్ మెహ్లీ మెహతాది - తర్వాత ప్రపంచప్రసిద్ధుడైన జూబిన్ మెహతా తండ్రి. కౌఫ్‌మన్ 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియోలో పనిచేశాడు. ఎక్కడెక్కడో తిరిగి చివరికి అమెరికాలో స్థిరపడి, 1976లో దక్షిణ భారత రాగాల మీద పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. కార్ల్స్‌బాడ్‌లో పుట్టి మన మేళకర్తల దాకా వచ్చిన మనిషి!

ఆయన బయటపడ్డాడు. బయటపడలేనివాళ్ళ సంగతి ఇప్పుడు చెప్పాలి.

1939 మార్చిలో నాజీలు చెక్ సీమలను పూర్తిగా ఆక్రమించారు. ప్రాగ్‌కు ఉత్తరంగా తెరెజీన్ అని పాత కోట ఊరు ఉంది. 1941 నవంబరు నుంచి యూదులను అక్కడికి తరలించటం మొదలుపెట్టారు. మొత్తం మీద దాదాపు లక్షా నలభై వేల మందిని తెచ్చి కుక్కారు. ముప్పై మూడు వేల మంది ఆకలితో, జబ్బులతో అక్కడే పోయారు. ఎనభై ఎనిమిది వేల మందిని రైలు పెట్టెల్లో తూర్పుకు, ఆష్విట్జ్ లాంటి చోట్లకు పంపారు. తిరిగి వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది.

అక్కడికి వెళ్ళేవాళ్ళు యాభై కిలోల సామాను తీసుకుపోవచ్చు. మీరూ నేనూ ఏం సర్దుకుంటాం? దుప్పట్లు, మందులు, పిల్లల చలికోట్లు. కొందరు ఆ మూటల్లో ఫిడేళ్ళు దాచుకుపోయారు. ఒకాయన చెల్లోను ముక్కలు ముక్కలుగా విప్పి, దుప్పటిలో చుట్టి తీసుకువెళ్ళి, అక్కడ మళ్ళీ జిగురుతో అతికించుకున్నాడని చెబుతారు. అప్పటికి యూదుల దగ్గర వాయిద్యాలు ఉండటమే నేరం.

రఫాయెల్ షెఖ్టర్ అనే యువకుడు పగలంతా చాకిరీ చేసి వచ్చినవాళ్ళను రాత్రిపూట పోగుచేసి పాటలు నేర్పటం మొదలుపెట్టాడు. అందులో విద్వాంసులు ఉన్నారు, అంతకన్నా ఎక్కువగా మామూలు మనుషులు ఉన్నారు. ఆర్కెస్ట్రా లేదు. ఎక్కడో పారేసిన పియానో ఒకటి దొరికింది - కాళ్ళు కూడా లేవు దానికి. ఎత్తు మీద నిలబెట్టి వాయించాడు. 1942 నవంబరు 28న ఒక బడి వ్యాయామశాలలో వాళ్ళు ప్రదర్శించింది ఏమిటో తెలుసా? ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ పెళ్ళిళ్ళ పేరయ్య నాటకం! వేషాలు లేవు, తెరలు లేవు. రేపు ఎవరి పేరు రైలు జాబితాలో ఉంటుందో తెలియని మనుషులు మరెంకా పెళ్ళి గురించి పాడుతుంటే, గోడల వారగా కూర్చుని విన్నవాళ్ళు నవ్వారు, ఏడ్చారు. ముప్పై అయిదుసార్లు దాకా ఆడారట. వాళ్ళకు అంత త్వరగా ఎలా వచ్చింది అంటే, చాలామందికి అది ముందే నోటికి వచ్చు. ఇంట్లో పాడుకున్నదే కదా!

పిల్లలు కూడా 'బ్రుండిబార్' అనే చిన్న నాటకం ఆడారు. జబ్బుపడ్డ అమ్మకు పాలు కొనటానికి వీధిలో పాడి డబ్బు సంపాదించాలనుకునే అన్నాచెల్లెళ్ళ కథ. యాభై అయిదు ప్రదర్శనలు. మధ్యలో రైళ్ళు వెళుతూనే ఉన్నాయి. వెళ్ళిపోయిన పిల్లల స్థానంలో కొత్త పిల్లలు వచ్చి పాట నేర్చుకునేవాళ్ళు. ఇంతకన్నా నేను రాయలేను.

చివరికి ఒక ఆర్కెస్ట్రా కూడా తయారైంది. కారెల్ ఆంచెర్ల్ అనే ఆయన వంటశాలలో పనిచేస్తూ, నలభై మంది దాకా తీగల వాద్యాలవాళ్ళను కూడగట్టాడు. వృత్తివాద్యకారులూ, ఇంట్లో వాయించుకునేవాళ్ళూ అక్కడ ఒకే వరసలో కూర్చున్నారు. బాఖ్, మొజార్ట్‌లతోపాటు ద్వోర్జాక్‌నూ వాయించారు. వాళ్ళకోసం పావెల్ హాస్ ఒక కొత్త రచన చేశాడు. ఈ హాస్ యానాచెక్ శిష్యుడే. క్రైస్తవురాలైన భార్యకూ, చిన్న కూతురికీ తనవల్ల ముప్పు రాకూడదని కాగితం మీద విడాకులు తీసుకుని ఒంటరిగా వచ్చాడు. వచ్చినప్పుడు దిగులుతో ఒక్క స్వరం రాయలేదు. గిడియన్ క్లైన్ అనే కుర్ర సంగీతకారుడు చేతితో స్వరరేఖలు గీసిన కాగితాలు తెచ్చి ఎదురుగా పెట్టి, రాయక తప్పకుండా చేశాడంటారు. 

1944లో నాజీలు, యూదులను ఎంత బాగా చూసుకుంటున్నామో లోకానికి చూపించటానికి అక్కడ ఒక సినిమా తీశారు. ఆ ఆర్కెస్ట్రా చేత హాస్ రచన వాయించారు. వాద్యకారులకు నల్లకోట్లు తొడిగారు. కాళ్ళకు సరైన బూట్లు లేవు. అవి కనిపించకుండా వేదిక అంచున పూలకుండీలు పేర్చారు! చప్పట్లకు హాస్ లేచి వంగి నమస్కరించటం ఆ సినిమాలో ఇప్పటికీ కనిపిస్తుంది. అక్టోబరు 16న రైలు ఎక్కించారు. హాస్ ఆష్విట్జ్‌లో ప్రాణం విడిచాడు. షెఖ్టర్ తిరిగి రాలేదు. క్లైన్ తిరిగి రాలేదు. ఆర్కెస్ట్రాలో చాలామంది తిరిగి రాలేదు. సంగీతం వాళ్ళ ప్రాణాలు కాపాడింది అని మాత్రం నేను అనను. అలా అంటే పోయినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. ఆ పాటను శత్రువు తన అబద్ధానికి వాడుకున్నాడు కూడా.

మరి ఏం మిగిలింది? ఆంచెర్ల్ ఒక్కడూ బతికి వచ్చాడు. తల్లిదండ్రులు, భార్య, తెరెజీన్‌లో పుట్టిన పసిబిడ్డ - ఎవరూ మిగల్లేదు. యుద్ధం అయ్యాక ఆయన తెరెజీన్ వెళ్ళి వెతికాడు. హాస్ రాసిన అసలు ప్రతి లేదు. కానీ ఆర్కెస్ట్రాలో ఎవరి భాగం వాళ్ళకు విడివిడిగా రాసి ఇచ్చిన కాగితాలు ఉన్నాయి. మొదటి ఫిడేళ్ళవి, రెండో ఫిడేళ్ళవి, వయొలాలవి, చెల్లోలవి... ఒక్క డబుల్ బాస్ కాగితం తప్ప. పోయిన ఆ ఒక్కదాన్ని తర్వాత మిగతా భాగాలను బట్టి ఊహించి పూరించారు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో ఆర్కెస్ట్రాలు ఆ రచనను వాయిస్తున్నాయి. ఆంచెర్ల్ 1950 నుంచి 1968 దాకా చెక్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపి, సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చిన ఏడు దేశం వదిలి, 1973లో టొరంటోలో కన్నుమూశాడు.

ఆ కాగితాల సంగతి చదివినప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఆ రచనను నిలబెట్టింది మహావిద్వాంసుడి దస్తూరీ ప్రతి కాదు. వరసలో ఎక్కడో నాలుగో కుర్చీలో కూర్చున్న మనిషి ముందున్న కాగితం. ఒక్కొక్కరి దగ్గర ఉన్నది కొంచెమే. పదిమంది కొంచెమూ కలిస్తే పాట మళ్ళీ లేచి నిలబడింది. నాటకశాల కాలిపోయినా, రాజ్యం పోయినా, కచేరీహాళ్ళ తలుపులు మూసేసినా చెక్ సంగీతం చావలేదంటే, అది హాళ్ళలో మాత్రమే లేదు కనుక. బీరు వ్యాపారి ఇంట్లో ఉంది, మాంసం కొట్టు వెనక గదిలో ఉంది, బడిలో ఉంది. ఇప్పటికీ ఆ దేశంలో ఊరూరా పిల్లలకు సంగీతం నేర్పే కళా పాఠశాలలు ఉన్నాయి. వాటిల్లో నేర్చుకున్నవాళ్ళందరూ విద్వాంసులు అవుతారని ఎవరూ అనుకోరు. చాలామంది ఇంజనీర్లూ, నర్సులూ, దుకాణదారులూ అవుతారు. సాయంత్రం ఫిడేలు తీస్తారు.

మన ఇళ్ళలో పిల్లను పాటకు పంపించేటప్పుడు రెండేళ్ళకే లెక్కలు మొదలవుతాయి. టీవీ పోటీలో నెగ్గుతుందా? కచేరీ ఇస్తుందా? లేకపోతే ఎందుకు, ట్యూషన్‌కు టైము చాలటం లేదు, మాన్పించేద్దాం! మా పెద్దమ్మకు నూటపాతిక కీర్తనలు వచ్చని ఆవిడ పోయాక, ఆవిడ నోటుపుస్తకం దొరికితే తెలిసింది మాకు. పప్పు రుబ్బుతూ ఏదో కూనిరాగం తీసేదని మాత్రమే గుర్తు. అందులో కొన్ని ఆవిడ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవట. వాటి వరస ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో లేరు. పూరించుకుందామంటే పక్క కాగితాలు కూడా లేవు.

కాబట్టి అమ్మలూ, మీకు వచ్చిన పాటను చిన్నది అనుకోకండి. గొంతు బాగా లేదనీ, వేళ్ళు మొద్దుబారాయనీ సాకులు చెప్పకండి. పిల్లలకో, పక్కింటి పిల్లలకో నేర్పండి. వాళ్ళకు కష్టమైతే ద్వోర్జాక్‌గారిలా ఇంకాస్త తేలికైనది నేర్పండి. ఇంకెప్పుడైనా, ఎవరైనా "మీకు సంగీతం వచ్చా?" అని అడిగితే ఆ 'ఏదో' అన్న మాటను తీసేసి, "ఇంట్లో పాడుకుంటానండీ" అని నిండుగా చెప్పండి.